గడ్డిమంట దగ్గర మొదలైన పాట

మా వీధి చివరి ఖద్దరు షెడ్డులో ఓ సాయంకాలం డప్పు మోగింది. మోగిన కాసేపటికే మా ఎదురింటి ముసలమ్మ ఊడిన జుట్టు ముడి పట్టుకుని పరుగున వచ్చింది.

"ఓలమ్మో! ఎవులు పోనారు? ఏ ఇంట్లో?"

షెడ్డు గుమ్మంలో కూర్చున్న నేను, "ఎవులూ పోలేదే అప్పా. గుంటలు పాట కట్టుకుంటన్నారు" అన్నాను.

"పాటకి సావు దెబ్బ కావాలేటి? నా గుండె జారిపోనాది. మా ముసలోడు పడుకుని ఉన్నాడు. ఆడి ముక్కు కాడ సెయ్యెట్టి సూసి మరీ వచ్చినాను!"

లోపల పిల్లలంతా విరగబడి నవ్వారు. డప్పు పట్టుకున్న పిల్ల మాత్రం నవ్వలేదు. శ్రీకాకుళం కాలేజీలో ఇంటర్ చదువుతోంది, రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. ఊరికి అవతల ఉన్న పేట పిల్ల.

"ఎవులింట్లో ఇనబడే సప్పుడు ఆల్లని తెమ్మన్నారు కద మేడమ్. మా ఇంట్లో ఎక్కువ ఇనబడేది ఇదే" అంది.

నవ్వులు ఆగిపోయాయి. అందులో తగవేమీ లేదు. ఉన్నమాట చెప్పింది. మా ఊళ్ళో ఎవరు పోయినా కబురు ముందు వాళ్ళింటికే వెళుతుంది. వాళ్ళ తాత డప్పు తీసి గడ్డిమంట మీద కాస్తాడు. తోలు వేడెక్కి బిగిసిందో లేదో చూసుకోవడానికి ఇంటి ముందే నాలుగు దెబ్బలు వేస్తాడు. ఊళ్ళోవాళ్ళ చావులన్నీ ఆ ఇంటి వాకిట్లో ముందు మోగుతాయి.

ఆ మేడమ్ మా హైస్కూలుకి కొత్తగా వచ్చిన టీచరు. వాళ్ళది శ్రీకాకుళంలో బాప్టిస్టు చర్చికి వెళ్ళే కుటుంబం. చిన్నప్పటి నుంచి నలుగురితో కలిసి పాడి పెరిగిన మనిషి. పొందూరు పక్కన మా ఊళ్ళో ఇంకా కొన్ని ఇళ్ళలో రాట్నాలు తిరుగుతున్నాయి. ఆడవాళ్ళు షెడ్డులో వడికి మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోతారు. ఖాళీగా ఉన్న ఆ షెడ్డుని అడిగి పుచ్చుకుని, ఓ పాత కీబోర్డు తెచ్చిపెట్టి, పెద్ద క్లాసుల పిల్లల్ని, చదువు మానేసినవాళ్ళని, కాలేజీకి వెళ్ళేవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టింది. సినిమా పాట తేకూడదు. భజన పాట తేకూడదు. ఎవరి ఇంటి చప్పుడు వాళ్ళు తెచ్చి మధ్యలో పెట్టాలి. మిగతావాళ్ళు దాని చుట్టూ తమ చప్పుడికి చోటు వెతుక్కోవాలి. ఒకరు తెచ్చినదాన్ని వాళ్ళని అడక్కుండా ఇంకొకరు తీసెయ్యడానికి లేదు. పద్ధతి ఇదీ.

నాకు ఒళ్ళు మండింది. నేను మా భజన మేళంలో తాళాల మనిషిని. మాకు గురువుండేవాడు. తప్పు కొడితే ఆ తాళం అంచుతోనే మా వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. గురువు లేని పాటేమిటి, ఇదేమన్నా గోళీలాటా? ఆ మాటే ఆ టీచరు ముఖం మీద అడిగాను.

"మీరూ రండి తాతగారూ. తాళాలు తెచ్చుకోండి. కానీ ఎవరైనా అడిగేదాకా కొట్టకండి" అంది నెమ్మదిగా.

నా మనవరాలి వయసు లేదు. అయినా పంతం కొద్దీ వెళ్ళాను. తాళాలు ఒళ్ళో పెట్టుకుని రోజుల తరబడి ఊరికే కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. చెప్పొద్దూ, చిన్నప్పుడు మిల్లులో మేస్త్రీ తిట్టినప్పుడు కూడా నాకంత అవమానం అనిపించలేదు.

చివరికి అడిగింది ఆ డప్పు పిల్లే. చావు దెబ్బ వద్దని ముసలమ్మ గోల పెట్టాక, దాని బదులు నడక దెబ్బ తెచ్చింది. ఊరేగింపు ముందు నడుస్తూ కొట్టేది.

"తాతా, నా దెబ్బకీ దెబ్బకీ మజ్జిన సోటు బోసిగా ఉన్నాది. అక్కడ ఒక్కసారి టింగుమను. ఒక్కసారే. నువ్వు భజనలోలాగ వాయించీకు."

ఒక్కసారే టింగుమన్నాను. రెండోది కొట్టకుండా తాళాలు ఒళ్ళో పెట్టేశాను.

అలా కట్టారు ఆ పాట. ముందు డప్పు. దాని వేగం పట్టుకుని రాట్నం గుయ్యిమనే చప్పుడు నోటితో చేసే ఆడపిల్లలు. తర్వాత బల్ల మీద మగ్గం దెబ్బ వేసే కుర్రాడు. చేపల తట్ట ఎత్తుకుని తల్లి వేసే కేకని రాగం చేసిన పిల్ల. వీళ్ళందరి కింద ఇంకో కుర్రాడు చాపలా పరిచిన కీబోర్డు. మాటలు కూడా వాళ్ళవే. నాగావళి పొంగినప్పుడు ఊరూ పేటా అంతా హైస్కూల్లో తలదాచుకున్నాం, అది రాశారు.

ఏరొచ్చిన రేతిరి ఒక్క బడిలో పడుకున్నాం
ఏరెల్లిన పొద్దుట ఎవుల దారి ఆల్లది

ఇందులో గొప్ప కవిత్వం లేదంటే లేదు. కానీ నేను చదివిన పుస్తకాల్లో ఏ ఒక్కటీ మా ఊరి గురించి ఇంత నిజం చెప్పలేదు. బడిలో చదివినవాణ్ణి కాను నేను. మిల్లు గేటు పక్కన యూనియన్ గదిలో ఒకాయన పేపరు పైకి చదువుతుంటే, ఆయన వేలి కింద అక్షరాల్ని పట్టుకుని నేర్చుకున్నవాణ్ణి. ఎవరూ పిలిచి నేర్పలేదు. అందుకేనేమో, ఎవరైనా ఒకరి చేతిలోది లాక్కుంటే నాకు ఆగదు.

ఆ పిల్ల తాత గురించి చెప్పాలి. ఇద్దరం విజయనగరం వైపు జూట్ మిల్లులో ఒకే షిఫ్టు, ఒకే వరస. అక్కడ నన్ను "ఒరే" అనేవాడు. నేనూ "ఒరే" అనేవాణ్ణి. ఒకే గిన్నెలోంచి చద్దన్నం తిన్నాం. ఊరు చేరేందుకు బస్సు దిగి పొలిమేర కాలవ దాటామంటే చాలు, వాడి నోట్లో ఒరే పోయి "బాబూ" వచ్చేసేది. కాలవకి అవతల ఒరే, ఇవతల బాబు. నేను ఎన్నిసార్లు దెబ్బలాడానో.

"ఊళ్ళో కూడా ఒరే అనరా, నీ నోరేటి పడిపోతాదా?" అంటే, "నా నోరు పడిపోదు బాబూ. నా డప్పు పడిపోద్ది" అనేవాడు.

మిల్లు మూతపడ్డాక వాడికి ఆ డప్పే మిగిలింది. అమ్మవారి సంబరంలో ఘటాలు, అంటే పూజ కుండలు, నెత్తికి ఎత్తేటప్పుడు మొదటి దెబ్బ వాళ్ళ ఇంటిదే. అందుకు బదులుగా కోతలప్పుడు రైతులు కళ్ళాల దగ్గర గింజలు కొలిచి ఇస్తారు. అది పోతే ఆ ఇంట్లో పొయ్యి సగం ఆరిపోయినట్టే.

పిల్లల పాట సంగతి సంబరం కమిటీ దాకా వెళ్ళింది. కమిటీ పెద్ద ఎరువుల షాపు ఆసామి. వరసకి నన్ను మావా అంటాడు. ఘటాలెత్తే ముందు రోజు సాయంత్రం అమ్మవారి గుడి ముందు మండపం మీద పాడండని కబురు పెట్టాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. ఆ మర్నాడే ఇంకో కబురు వచ్చింది. అందరూ రావచ్చు, డప్పు మాత్రం వద్దు.

నేను షాపుకి వెళ్ళాను.

"నాను పిల్లని వద్దనలేదు మావా. డప్పు వద్దన్నాను. అది కాయాలంటే గడ్డిమంట ఎయ్యాల. పైన శామియానా గుడ్డ. అంటుకుంటే ఎవులిది పూచీ, నీదా?"

"మంట కిందెట్టుకుంటారు. తోలు కాగినాక పైకి తెస్తాది."

"వానగాలి. మెట్లెక్కీలోపు సల్లబడిపోదేటి? మజ్జిలో మళ్ళీ కిందకి పరిగెడతాదేటి?"

ఆ మాటలో అబద్ధం లేదు. అదే నన్ను కాల్చేసింది. శామియానా నిజం, మంట నిజం, వానగాలి నిజం. వాటి వెనక దాక్కున్న అసలు సంగతి మాత్రం ఎవరూ నోటితో అనరు. ఆ మండపం మీద నా చిన్నప్పటి నుంచి భజన మేళం కూర్చుంటుంది. డప్పు కింద మట్టిలో నిలబడుతుంది. ఎవరూ ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే చింపెయ్యొచ్చు.

"అదే మండపం మీద కర్పూరం ఎలిగిస్తన్నాం కద. అది నిప్పు కాదేటి?" అన్నాను.

"మావా, నువ్వు పేపర్లు సదివి సదివి పాడైపోనావు" అని నవ్వాడు. "అయినా మీకేటి లోటు? ఆ కీబోర్డులో డప్పు ఉన్నాదట కద. మొన్న ఆ గుంటడు ఇక్కడే, ఈ బల్ల మీదెట్టి నొక్కి సూపించినాడు. అచ్చం డప్పే. ఆ బొత్తాం నొక్కితే సరిపోద్ది."

నేను గుమ్మం దిగుతుంటే వెనకనుంచి మెల్లగా ఇంకో మాట వేశాడు. "ఆ ముసలోడిని కూడా ఆలోసించుకోమను. టౌను నుంచి బేండోళ్ళు ఒకటే ఫోన్లు సేస్తన్నారు."

అంటే ఇదీ లెక్క. పిల్ల డప్పుతో మండపం ఎక్కితే తాతకి సంబరం పోతుంది. ఎక్కకపోతే, ఆ పిల్ల తెచ్చిన దెబ్బ ఆ పిల్ల లేకుండా బొత్తాంలోంచి మోగుతుంది.

ఆ సాయంత్రం షెడ్డులో పాట లేదు. అరుపులే.

"నీకేటి పోయేకాలంరా? ఎవులు సూపించమన్నారు నిన్ను?" అని చేపల కేక పిల్ల కీబోర్డు కుర్రాడి మీద పడింది.

"కొత్త సౌండులు ఏటేటి ఉన్నాయని అడిగినాడు. సూపించినాను. నాకేటి తెలుసు?" అన్నాడు వాడు.

"ఒక్కసారికి బొత్తాం నొక్కీసి కానిచ్చీదాం" అన్నవాళ్ళు ఉన్నారు. "అసలు ఎల్లొద్దు" అన్నవాళ్ళు ఉన్నారు. మేడమ్ గోడకి చేరబడి వింటోంది. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

"చదువుకున్నదానివి. వెళ్ళాలో మానాలో ఒక్కమాట చెప్పవేం?"

"ఈ పాట నేను కట్టలేదు తాతగారూ. నేను చెప్పిన క్షణం ఇది నా పాటైపోతుంది."

"నీ నీతులకి ఇదా సమయం?"

"తప్పేనేమో, నాకూ తెలియడం లేదు" అంది. అప్పుడు తట్టింది నాకు. పరాయి ఊరు, చర్చికి వెళ్ళే మనిషి, అమ్మవారి సంబరం. ఒక్కమాట జారితే ఎక్కడికి పోతుందో నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

డప్పు పిల్ల లేచింది. "మీరెల్లండి. బొత్తాం నొక్కుకోండి. నాను మా తాతతో కింద ఉంటాను" అని డప్పు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. వెళుతూ ఎవరివంకా చూడలేదు.

పాడాల్సిన రోజు మధ్యాహ్నం జల్లు పడి ఆగింది. సాయంత్రానికి గాలి చెమ్మగా ఉంది. మండపం మీద పిల్లలు వరసగా కూర్చున్నారు. నేను తాళాలతో ఒక పక్కన. మా భజనవాళ్ళు నావంక చూడనట్టు చూస్తున్నారు. రెండు వైపులా నిలువెత్తు సౌండు బాక్సులు. కుడివైపు, జనానికి అవతల, గోడవార గడ్డిమంట. చెమ్మకి గడ్డి సరిగ్గా అంటుకోక పొగ వస్తోంది. తాత వంగి ఊదుతున్నాడు. పక్కన ఆ పిల్ల డప్పుని మంట మీద తిప్పుతోంది.

మైకులో పేరు పిలిచారు. జనం సద్దు మణిగింది. కీబోర్డు కుర్రాడి వేలు బొత్తాం మీద ఉంది. రాట్నం పిల్లలు ఊపిరి పీల్చుకుని ఆగారు. డప్పు మోగితేనే వాళ్ళు ఎత్తుకోవాలి. అలా కట్టుకున్నారు పాటని. అది లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు.

వేలు కిందకి దిగలేదు.

"ఏటిరా, కరెంటు పోనాదేటి?" అని ఎవరో అరిచారు. నవ్వులు. ఈలలు.

కమిటీ పెద్ద మెట్ల దగ్గరకి వచ్చాడు. "నొక్కరా."

"నాకు రాదండి."

"మొన్న షాపులో నొక్కినావు కద!"

"మర్సిపోనానండి" అన్నాడు వాడు. చేతులు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుని, గడ్డిమంట వైపు చూశాడు. వాడు చూస్తే మిగతా పిల్లలూ చూశారు. వాళ్ళు చూస్తే జనం తలలు తిప్పారు.

ఆ పిల్ల లేచి నిలబడింది. తాత చప్పున డప్పు అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. పైనుంచి నాకు వినబడలేదు. ఆ తర్వాత కూడా ఆ పిల్ల నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ముసలాడి వేళ్ళు డప్పు అంచు మీద బిగుసుకుని ఉండటం మాత్రం మంట వెలుగులో కనిపించింది. వాడు లాక్కుంటాడనుకున్నాను. లాక్కున్నా వాణ్ణి తప్పుపట్టేవాణ్ణి కాను. నా ఇంటి పొయ్యి కాదది.

వేళ్ళు వదిలాయి.

దెబ్బ పడింది. నడక దెబ్బ. రాట్నం పిల్లలు గుయ్యిమని ఎత్తుకున్నారు. మగ్గం కుర్రాడు అందుకున్నాడు. అందుకున్నాడే గానీ కుదరలేదు. పైన బాక్సుల హోరు, కింద అంతదూరంలో డప్పు. దెబ్బ మా చెవిన పడేసరికే ఆలస్యమైపోతోంది. నేను టింగుమన్నది వెళ్ళి సరిగ్గా దెబ్బ నెత్తి మీద పడింది. జనంలో గోల మొదలైంది. పాట మా కళ్ళముందే చెదిరిపోతోంది.

అప్పుడు చేపల కేక పిల్ల లేచింది. నోటిలో రాగం ఆపకుండా, చెవి ఒక పక్కకి వంచి, ఒక్కో మెట్టూ దిగింది. ఎదిరిద్దామని దిగలేదు. వినబడక దిగింది. దాని వెనక రాట్నం పిల్లలు. మగ్గం కుర్రాడు తన బల్ల ఎత్తుకుని దిగాడు. కమిటీ పెద్ద, "మైకు ఆపీండి!" అని కేకేశాడు. ఆపేశారు. బాక్సుల హోరు పోయింది. పోయాక డప్పు ఇంకా బాగా వినబడింది.

కీబోర్డుకి తీగ ఉంది, అది రాదు. వాడు దాన్ని అక్కడే వదిలేసి చేతులూపుకుంటూ దిగాడు. నా మోకాళ్ళు పాడైపోయినవి. మెట్ల మీద కూర్చుని కూర్చుని జారుతూ దిగాను. నన్ను చూసి నవ్వినవాళ్ళు నవ్వారు. గడ్డిమంట దగ్గరకి చేరేసరికి దెబ్బ దెబ్బలో కలిసింది. పొగలో దగ్గుతూ పాడారు. ఏరొచ్చిన రేతిరి దగ్గరికి వచ్చేసరికి, ఆ రాత్రి బడిలో మా పక్కనే పడుకున్న ఆడవాళ్ళు కొందరు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకాయన ఉమ్మేసి వెళ్ళిపోయాడు. చప్పట్లు కొట్టింది మేడమ్ ఒక్కతే. రెండు చప్పట్లు కొట్టి ఆగిపోయింది.

మర్నాడు ఘటాలెత్తడానికి టౌను నుంచి బేండు వచ్చింది. ఎర్ర కోట్లు, మెరిసే బూరలు. మా ముసలాడి దెబ్బ పడకపోతే ఘటం లేవదని నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. నమ్మాను కూడా. వీధి మొగలో నిలబడి చూశాను. ఏదో సినిమా పాట వాయించారు. ఘటం లేచింది. అంత తేలిగ్గా లేచింది. దాని వెనకాల ఊరంతా నడిచింది. నాకు ఆ కోపం ఈ రోజుకీ తగ్గలేదు. అమ్మవారి మీదా, బేండువాళ్ళ మీదా కాదు. అంత తేలిగ్గా కాళ్ళు కదిపిన మా అందరి మీద.

సంబరం అయిపోయాక పిల్లలు మళ్ళీ షెడ్డుకి వచ్చారు. కొందరిని ఇళ్ళల్లో ఆపేశారు, రాట్నం పిల్లల్లో ఇద్దరు రాలేదు. డప్పు పిల్ల వచ్చింది. నేను ఎప్పటిలాగే గుమ్మంలో కూర్చున్నాను. వీధి మలుపులో ముసలాడు కనిపించాడు. మా వీధిలోకి పని లేకుండా ఎప్పుడూ రానివాడు. గబగబా వచ్చి, ఊరంతా వినేలా నిలబడ్డాడు.

"ఏటిరా నువ్వు సేసింది?"

నేను తాళాలు పక్కన పెట్టాను.

"ముసలోడివి, నీకు బుద్ధుండక్కర్లేదేటిరా? గుంటలు ఎగిరితే నువ్వూ ఎగిరీడమేటి? కోతల్లో నాను ఎవుడి కల్లం కాడికి ఎల్లాల? సెప్పు. నీ పేపర్లలో రాసున్నాదేటి, ఎవుడి కల్లం కాడికి ఎల్లాలో?"

ఎదురింటి ముసలమ్మ తలుపు తీసి చూసింది. వాడు ఆగలేదు. ఇంకా తిట్టాడు. ప్రతి తిట్టుకీ చివర ఒరే. గింజలు ఎవరు కొలుస్తారో నాకు తెలియదు. నా వాటా గింజల్లోంచి కొంత పట్టుకెళ్ళమంటే ఆ డప్పు తీసి నా నెత్తిన కొడతాడు. అదీ తెలుసు.

తిట్టి తిట్టి ఆయాసం వచ్చి, అరుగు అంచున కూర్చున్నాడు. లోపల పిల్ల దెబ్బ వేసింది. చెమ్మకి తోలు వదులై, చప్పుడు మెత్తగా బద్‌మని వచ్చింది. మళ్ళీ వేసింది. మళ్ళీ బద్‌మంది. రాట్నం పిల్లలు ఎత్తుకోకుండా ఆగిపోయారు.

ముసలాడు లోపలికి చూడలేదు. వీధిలో ఎండుగడ్డి కోసం అటూ ఇటూ చూశాడు. మా గోడ పక్క పశువులకి వేసిన గడ్డిలోంచి ఓ పిడికెడు లాగి, షెడ్డు ముందు కుప్ప పెట్టాడు.

"అగ్గిపెట్టి ఉన్నాదేటిరా?" అన్నాడు, ఇంకా కోపంగానే.